దూరపు ఓబీ గుట్టలు నునుపు

భద్రాచలం రోడ్డు స్టేషన్‌లో దిగి "గుడి ఎటు?" అని అడిగే యాత్రికుణ్ణి చూసి కొత్తగూడెం ఆటోవాళ్లు నవ్వరు. వాళ్లకది బేరం. బోర్డు మీద భద్రాచలం ఉంటుంది, రాముడు మాత్రం ఇంకో నలభై కిలోమీటర్ల అవతల గోదావరి ఒడ్డున ఉంటాడు. ఆ స్టేషన్‌లో దిగకుండా అదే బండిలో ముసుగు తన్ని పడుకుంటే, పట్టాలు అయిపోయే చోట మణుగూరు వస్తుంది. ఈమధ్య అందాకా వచ్చి "ప్రశాంతత ఎటు?" అని అడిగేవాళ్లు తయారయ్యారు. ఆటోవాళ్లంత నిగ్రహం నాకు లేదు. నవ్వేస్తున్నాను.

మా చిన్నాన్న కొడుకే వాళ్లలో ఒకడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, మూడేళ్ల పాప, ఆరు నెలల బాబు. ఓ రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, హైదరాబాద్ ఇక మావల్ల కాదు. రోజుకి రెండున్నర గంటలు కారులోనే పోతున్నాయి. పాప ప్లేస్కూల్ ఫీజుతో నా ఇంజనీరింగ్ మొత్తం అయిపోయేది. మణుగూరు వచ్చేస్తాం. ఇంటి నుంచే పని. అడవి, గోదావరి, స్వచ్ఛమైన గాలి..."

గాలి దగ్గర నాకు పొలమారింది.

మణుగూరు గాలి సంగతి చెప్పాలంటే ముందు నేల సంగతి చెప్పాలి. ఇది సింగరేణి ఊరు. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం మావైపు వచ్చేసరికి సొరంగాల కంటే ఓపెన్‌కాస్ట్‌ల మీద ఎక్కువ ఆధారపడింది. ఓసీ అంటాం. బొగ్గు అడుగున ఉంటుంది, పైనున్నదంతా తీసి అవతల పొయ్యాలి. ఆ పైనున్నదాన్ని గనుల భాషలో ఓవర్‌బర్డెన్ అంటారు, మా నోట్లో ఓబీ. చెట్టు, పుట్ట, ఎవరి తాతో దున్నిన చెలక, అన్నీ కలిపి ఓబీ. నేలతల్లిని పట్టుకుని 'అదనపు బరువు' అనగలిగిన పదాన్ని కనిపెట్టినవాడు సామాన్యుడు కాడు. డంపర్లు ఆ బరువును మోసుకొచ్చి పోసీ పోసీ గుట్టలు లేపాయి. కిందటిసారి వచ్చినప్పుడు మా తమ్ముడు సాయంత్రపు ఎండలో ఓ గుట్ట ముందు నిలబడి ఫొటో దిగాడు. ఇప్పుడు ఆ ఫొటో వాళ్ల హాల్లో ఫ్రేములో ఉంది. ఆ గుట్ట వయసు వాడి పెళ్లికంటే తక్కువని చెప్పి మనసు నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను. దూరపు కొండలు నునుపంటారు. మా దగ్గర అవి దగ్గరికొచ్చి చూసినా నునుపే, ఇంకా గడ్డి మొలవలేదు కాబట్టి.

అంతటితో అయిందా? పక్కనే భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం: 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1080. అశ్వాపురం వైపు వెళ్తే అణు రియాక్టర్లకు కావాల్సిన భారజల కర్మాగారం. మామూలు నీళ్లలోంచి భారజలాన్ని విడదీయడానికి అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ వాడతారు. ఇంటర్ ల్యాబ్‌లో ముక్కు మూయించి బయటికి పరిగెత్తించిన వాయువు అదే. భద్రాచలం దారిలో సారపాక దగ్గర కాగితం మిల్లు. ఒక దేశాన్ని నడపడానికి కావాల్సిన సరంజామా అంతా ఇక్కడ ఉంది. మా తమ్ముడు విశ్రాంతి కోసం ఎంచుకున్నది ఈ చోటు. వంటింట్లో పొయ్యి పక్కకు వచ్చి "ఇక్కడ చల్లగా ఉంటుందటగా" అని చాప పరుచుకున్నట్టుంది.

ఇక్కడ పుట్టిన కరెంటు గ్రిడ్‌లో కలిశాక ఏ యూనిట్ ఎవరి ఏసీలోకి పోయిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అయినా గచ్చిబౌలిలో రాత్రి తెల్లవార్లూ వెలిగే అద్దాల మేడల్లో మా బొగ్గు మసి కాస్తయినా ఉంటుందని నా నమ్మకం. రాజధానిని తప్పించుకుని పారిపోయి వస్తున్నామనుకునేవాళ్లు నేరుగా దాని బాయిలర్‌లోకి దిగుతున్నారు. వేసవిలో పాదరసం 45 దాటితే ఈ మాటలో అలంకారం కూడా మిగలదు.

న్యాయంగా చెప్పాలంటే, మా ఊరి ప్రశాంతతను మెచ్చుకునేవాళ్లు ఊళ్లోనూ ఉన్నారు. ఉద్యోగం ఇక్కడ, కాపురం హైదరాబాద్‌లో పెట్టిన ఆఫీసర్లు. సోమవారం నుంచి శనివారం దాకా "పల్లె వాతావరణం, పిల్లల పెంపకానికి ఇంతకంటే ఏం కావాలి" అంటారు. పిల్లలేరి సార్ అంటే సికింద్రాబాద్ వైపు చూపిస్తారు. శనివారం రాత్రి మణుగూరు సూపర్‌ఫాస్ట్‌లో ఈ తత్వవేత్తల గురక వినాలి!

నిజంగా రాజధాని నుంచి కాపురం ఎత్తుకొచ్చేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లెవరూ ప్రశాంతత ఊసెత్తరు. బీటెక్ చదివి అమీర్‌పేటలో కోచింగులు తీసుకుని, పదిహేను వేల ప్రైవేటు ఉద్యోగంలో పెళ్లి చేసుకున్న కుర్రాడు. ఇక్కడ తండ్రి ముప్ఫయ్యేళ్లు గనిలో చేసి మెడికల్ అన్‌ఫిట్ అవుతాడు. ఇలాంటప్పుడు కొడుక్కి ఉద్యోగమిచ్చే వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత అది కారుణ్య నియామకాల పేరుతో బతికింది. కుర్రాడు ల్యాప్‌టాప్ సంచీలో ధ్రువపత్రాలు పెట్టుకుని వచ్చి బదిలీ వర్కర్‌గా చేరతాడు. ఏడాదిలో భూగర్భంలో అయితే 190 మస్టర్లు, అంటే హాజరు రోజులు, పైన అయితే 240 నిండితేగాని పర్మనెంట్ కాడు. ఆ ఏడాదంతా వాడి భార్య క్యాలెండర్‌లో మస్టర్లు లెక్కపెడుతుంది. వాళ్లకి ఊరు నచ్చిందా అని అడిగేవాడు లేడు. వాళ్లడిగేది ఒకటే: క్వార్టర్ ఎప్పుడిస్తారు?

మా తమ్ముడికి క్వార్టర్ రాదు కదా, అందుకని అసలు ప్రశ్న వేశాడు. "అన్నా, అక్కడ గజం ఎంతుంది?"

అప్పుడు చెప్పాను, ఒకటీబై డెబ్భై అని. "గజం డెబ్భై రూపాయలా!" అన్నాడు. వాడి గొంతులో అంత ఆనందం పెళ్లినాడు కూడా వినలేదు. పాపం, 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ సంగతి వాడికేం తెలుసు? ఇది ఏజెన్సీ, అంటే షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడి నేల గిరిజనేతరుల పేరు మీదికి మారదు, గిరిజనేతరుడి దగ్గర గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టెక్కి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులివ్వడం కూడా చెల్లదంది. "మరి ఊరినిండా అంతస్తుల మీద అంతస్తులు లేచాయిగా?" అన్నాడు. లేచాయి. తెల్లకాగితం మీద, నోటరీ ముద్ర మీద, బినామీ భుజమ్మీద లేచాయి. చట్టం ఉన్న చోట ఉంది, డాబా ఉన్న చోట ఉంది, రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. నేనుండేదీ అలాంటి డాబాలోనే, అద్దెకు. కాబట్టి ఈ విషయంలో నా గొంతు మరీ పెద్దది కాదు.

ప్రశాంతత కోసం పిల్లల్ని చంకనేసుకుని ఈ అడవికి నిజంగా వచ్చిన కుటుంబాలు కూడా ఉన్నాయి. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక, తుపాకులకీ తుపాకులకీ మధ్య బతకలేక సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయలు. వాళ్లు స్వచ్ఛమైన గాలి కోసం రాలేదు, ఊపిరి కోసం వచ్చారు. గుడిసె వేసుకుంటే ఆక్రమణ అన్నారు, పోడు కొడితే కేసు అన్నారు. ల్యాప్‌టాప్‌తో వస్తే 'మూలాల వైపు ప్రయాణం', కుండతో వస్తే వలస. ఇక ఓసీల కింద ఊళ్లు పోయిన కోయల సంగతంటారా? వాళ్లు ఎక్కడికీ పోలేదు, కాళ్ల కింది ఊరే పోయింది.

పోయిన నెల మా తమ్ముడు కుటుంబంతో రెండ్రోజులుండి చూసి వెళ్లాడు. మొగుడు కొండలు చూస్తుంటే, మా మరదలు మాత్రం సూటిగా అడిగింది: "పిల్లల డాక్టరు ఎక్కడుంటాడు బావగారూ?" చెప్పాను. కంపెనీ ఆసుపత్రి కంపెనీవాళ్లకి. మనకు జ్వరమైతే ఊళ్లోనే, కేసు కాస్త బరువైతే కొత్తగూడెం, ఇంకా బరువైతే ఖమ్మం, అదీ దాటితే మళ్లీ హైదరాబాదే. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. దండెం మీద ఆరేసిన బాబు తెల్ల చొక్కా తీసి, వేలితో ఓసారి రాసి, ఆ వేలు మొగుడికి చూపించింది.

స్టేషన్‌కి వెళ్లే దారిలో మా తమ్ముడు మెత్తబడ్డాడు. "ఎండలు తగ్గాక షిఫ్టవుదాం అన్నా."

"ఎండలు తగ్గితే వానలు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53కే ఇస్తారు."

"అయితే చలికాలం వస్తాం."

"చలికాలం రండి, బాగుంటుంది. తిరుగు టికెట్ మాత్రం శనివారం రాత్రికి చేయించకు. ఆ రోజు బండి నిండా మా ఆఫీసర్లే."