వైరు అందింది కదా మాస్టారూ!

మా ఉద్దానంలో నీడ ఒక చోట ఉంటుంది, ప్లగ్గు ఇంకో చోట ఉంటుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస కలిసి కప్పిన చల్లటి నీడ తోటలో. కరెంటు మీటరేమో ఊళ్లో, వసారా గోడకి. ఈ రెండింటినీ కలపడానికి మావాళ్లు నమ్ముకున్న సాధనం జంక్షన్ బాక్సు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏ ఇంటికెళ్లినా అటక మీద ఒకటి, మంచం కింద ఒకటి దొరుకుతాయి. మొదటిది అందకపోతే రెండోదాన్ని దాని నెత్తిన గుచ్చుతారు. రెండూ చాలకపోతే పక్కింటివాళ్లది తెస్తారు. చివరి బాక్సు మీద ఎర్రదీపం వెలిగిందా, పనైపోయినట్టే. "వైరు అందింది కదా మాస్టారూ!" అంటారు. అందడం తప్ప వైరుకి మావాళ్లు పెట్టే పరీక్ష వేరే లేదు.

2018 అక్టోబరు 11 తర్వాత ఈ నమ్మకం మరీ ముదిరింది. ఆ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి చెట్లు స్తంభాల మీద, స్తంభాలు జీడిచెట్ల మీద పడుకున్నాయి. తర్వాత మా వీధికో జనరేటరు వస్తే, ఊళ్లో ఉన్న వైర్లన్నీ దాని దగ్గరికి బయల్దేరాయి. గ్రైండరు వైరు, టేబుల్ ఫ్యాను వైరు, వినాయక చవితి సీరియల్ బల్బుల వైరు, దేని ఇన్సులేషన్ దేనికి చుట్టారో తెలియదు. తాగే నీళ్లకి మోటారు ఆడాలి, పిల్లల యోగక్షేమాలు కనుక్కోవడానికి ఫోను ఛార్జింగెక్కాలి. ఆ రోజుల్లో ఎవరినీ తప్పు పట్టను. ఒక్కదానికి మాత్రం గొంతు చించుకున్నాను. రెండు కొసలకీ పిన్నులున్న వైరు తయారుచేసి, జనరేటరు కరెంటుని ఇంటి ప్లగ్గులోంచి లోపలికి ఎక్కించడానికి ఒకాయన సిద్ధమయ్యాడు. మెయిన్ తీయకుండా అలా ఎక్కిస్తే, అది వీధి లైన్లోకి పాకి, మనకోసం స్తంభమెక్కిన మనిషినే కొడుతుంది. ఆయన అలిగాడు గానీ మానేశాడు.

కరెంటొచ్చాక కూడా ఆ అతుకుల వైర్లని ఎవరూ పారేయలేదు. తుఫానుకి తట్టుకున్న వైరని వాటికి మర్యాద కూడా పెరిగింది.

ఇలాంటి ఊరికి, మే నెలలో, మా మేనల్లుడు కారవాన్ వేసుకొచ్చాడు.

వాడుండేది డాలస్‌లో. అక్కడ ఆర్వీ అనే ఇలాంటి బండినే అద్దెకి తీసుకుని పెళ్లాం పిల్లల్తో ఎల్లోస్టోన్ చూసొచ్చిన దగ్గర్నుంచీ చక్రాల మీద పడుకుంటే తప్ప నిద్ర పట్టదు. సెలవులకి వచ్చి, బెంగళూరులో ఒక బండి అద్దెకి మాట్లాడుకుని, జాతీయ రహదారి పట్టుకుని నేరుగా ఊళ్లోకి దిగాడు. లోపల మంచాలు, ఏసీ, చిన్న వంటగట్టు, మైక్రోవేవ్. కుర్రకారు సినిమావాళ్ల బండనుకుని హీరోయిన్ కోసం చుట్టూ మూగారు. నిక్కరు వేసుకుని మావాడు దిగాడు. జనం చెదిరిపోయారు.

"ఇంత కొంప పెట్టుకుని బండిలో పడుకోడమేట్రా?" అని మా అక్క ఒకటే ఏడుపు. బావ మాత్రం బండి అద్దె రోజుకెంతో కనుక్కుని మౌనం వహించాడు. మా సందులోకి బండి పట్టకుండా పనసకొమ్మ అడ్డం. దాంతో తోటలోకి తోలి, మంచి నీడ చూసి కొబ్బరిచెట్టు కింద ఆపాడు. అటుగా పోతున్న ముసలమ్మ నిలబడి, "నాయినా, కాయ రాలినప్పుడు కింద ఎవులున్నారో సూసి రాలదు" అంది. అమెరికా పార్కుల నిబంధనల్లో ఈ మాట లేదు కాబట్టి మావాడు నవ్వాడు. వాళ్లావిడ నవ్వలేదు. బండి జీడిచెట్టు కిందకి జరిగింది. అక్కడి నుంచి బావ ఇంటి వసారాకి అరవై మీటర్లు.

అమెరికా ఆర్వీ పార్కుల్లో బండి నిలిపే ప్రతి చోటా ఒక కరెంటు స్తంభం, దానికి 30 యాంపియర్లదో 50 యాంపియర్లదో సాకెట్టు ఉంటుందని మావాడు అరుగు మీద వర్ణిస్తున్నాడు. అందరూ నోళ్లు తెరిచి వింటున్నారు. నేను లెక్క వేసి చెప్పాను. వాళ్ల ముప్పై యాంపియర్ల సాకెట్టు 120 వోల్టులది, అంటే 3,600 వాట్లు. మన వంటింటి పవర్ ప్లగ్గు 16 యాంపియర్లు, 230 వోల్టులు. 3,680 వాట్లు.

"అయితే అమెరికా మన గ్రైండరు ప్లగ్గుకన్నా ఎనభై తక్కువన్నమాట" అన్నాడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు. ఊరికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఈ కుర్రాడు టెక్కలి హైస్కూల్లో నా శిష్యుడు. 1827లో గెయార్గ్ ఓమ్ అనే జర్మనీ పంతులు అచ్చు వేసిన సూత్రాన్ని ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. "ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు..." అని మొదలుపెడతాడు. చిక్కంతా అక్కడే. వాడు వేసిన వైర్లో ఉష్ణోగ్రత స్థిరంగా ఉండదు.

నేను పలాసలో పింఛను పని మీద ఉండగా వాడు సంబంధం కలిపేశాడు. వసారా ప్లగ్గులో మొదటి బాక్సు, దాని నెత్తిన రెండోది, తర్వాత తుఫానుకి తట్టుకున్న వైరు, మధ్యలో మెలిపెట్టి నల్లటేపు చుట్టి, వాన పడితే తడవకుండా పాలప్యాకెట్టు తొడిగిన అతుకు, మళ్లీ బాక్సులు. మిగిలిన వైరు అందంగా చుట్ట చుట్టి జీడిచెట్టు మొదట్లో పెట్టాడు. సాయంత్రం నేను దిగేసరికి ఏసీ ఆడుతోంది, కెటిల్లో నీళ్లు కాగుతున్నాయి, ఏసీ గొంతులో మాత్రం ఏదో అడ్డం పడ్డట్టుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే వసారా దగ్గర రెండొందల వోల్టులు. మా ఊరి సాయంత్రాలకి అది మర్యాదైన అంకె. బండి దగ్గర నూట డెబ్భై చిల్లర.

"మిగతాది ఏమైందిరా?" అన్నాను.

"వైరు కరెంటు తినేస్తాదేటి మాస్టారూ?"

తినేస్తుంది నాయనా. వెళ్లే తీగ అరవై మీటర్లు, తిరిగొచ్చే తీగ అరవై, మొత్తం నూట ఇరవై. ఒక చదరపు మిల్లీమీటరు రాగి మెత్తవైరుకి కిలోమీటరుకి సుమారు 19.5 ఓముల నిరోధం. నూట ఇరవై మీటర్లకి 2.3 దాటుతుంది. దాంట్లో పది యాంపియర్లు పారితే 23 వోల్టులు దారిలోనే ఖర్చు. అతుకుల దగ్గరా, వదులు పిన్నుల దగ్గరా పోయేది వేరే. ప్రతి మీటరూ జాతర చందాల కుర్రాళ్లలా నిలబెట్టి తన వంతు పుచ్చుకునే తరవాతి మీటరుకి వదులుతుంది. అదే నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరయితే పోయేది ఆరు వోల్టులే. వోల్టేజీ తగ్గితే ఏసీ మోటారు ఊరుకోదు, ఆ లోటు పూడ్చుకోవడానికి యాంపియర్లు ఇంకా లాగుతుంది. వైరు ఇంకా కాగుతుంది. దారిలో పోయిన వోల్టులు మాయమైపోవు, వేడిగా మారతాయి. పరిచిన వైరు ఆ వేడిని గాలికి వదిలేస్తుంది. చుట్ట చుట్టిన వైరుకి గాలేదీ, లోపలి వరసలు ఒకదాన్నొకటి ఉడికించుకుంటాయి. చుట్ట కింద చూస్తే, మే నెల జీడాకులు, గలగలలాడుతున్నాయి.

మరి ఫీజు ఎందుకు పోలేదంటారా? బావ గర్వంగా చూపించాడు. వాళ్లింట్లో ఫీజు పోవడమనేది లేదు, ఎందుకంటే పోకుండా నాలుగు పోగులు మెలేసి కట్టించాడు. వైరు కాలకముందే తాను కాలిపోవడానికి పెట్టినది ఫీజు. బావగారి వైరింగు మొత్తంలో అన్నిటికన్నా లావుగా ఉన్న తీగ అదే.

కెటిల్ ఆపించాను. ఏసీ ఆపుదామంటే పిల్లలు గోల. ఈలోగా మూడో బాక్సు దగ్గర్నుంచి కాలుతున్న ప్లాస్టిక్ వాసన వచ్చింది. అప్పటికి చీకటి పడింది. బాక్సేమో తోట నడుమ. ఇక్కడ ఉద్దానం గురించి తెలియనివాళ్లకి ఒక మాట. జీడిపళ్లూ పనసపళ్లూ ముగ్గే కాలంలో మా తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి. కథ కాదు, మనుషుల మీద పడ్డ సందర్భాలున్నాయి. అందుకని వాసన చూసి రావడానికి ఎవరూ ముందుకి రాలేదు. బావ మెయిన్ దించాడు. అందరూ మా డాబా మీద పడుకున్నారు. పొద్దున వెళ్లి చూస్తే మూడో బాక్సులో మూడు కన్నాలూ కరిగి ఒకటయ్యాయి.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మావాడు కాశీబుగ్గ వెళ్లాడు. నేను అడిగినది మూడు కోర్ల మెత్తవైరు, నాలుగు చదరపు మిల్లీమీటర్లది, మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క. రెండు కొసలకీ నీలంరంగు మూతల ఇండస్ట్రియల్ ప్లగ్గూ సాకెట్టూ. పిన్నులుండే కొస ఎప్పుడూ కరెంటు పుచ్చుకునే వైపే ఉండాలి, ఇచ్చే వైపు కన్నాలుండాలి. వసారా దగ్గర ఫీజు బదులు పదహారు యాంపియర్ల ఎంసీబీ, పక్కన 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ. ధర విని బావ షాపు మెట్టు మీద కూర్చున్నాడు. "రెండు కోర్లది తీసుకుంటే తగ్గుతాది కదా, మూడోది ఎందుకేటి?" అన్నాడు. బండి ఒక్కరోజు అద్దెతో సరిపోయే డబ్బు అది. బండికి ఇచ్చినప్పుడు కనిపించని నొప్పి వైరు దగ్గరికొచ్చేసరికి నడుములో పట్టేసింది.

ఆ మూడోదే అసలుది బావా అని చెప్పాను. బండి నాలుగు రబ్బరు చక్రాల మీద నిలబడింది. నేలతో దానికి చుట్టరికం లేదు. లోపల ఎక్కడో ఫేసు తీగ ఒలిచి రేకుకి తగిలిందనుకో, బండి ఒళ్లంతా కరెంటు. కదలదు, మెదలదు, బల్బులు మామూలుగానే వెలుగుతుంటాయి. స్నానం చేసొచ్చి తడికాళ్లతో ఇసకలో నిలబడి తలుపు పట్టుకున్నవాడే దానికి ఎర్తింగు. మూడోతీగ ఉంటే ఆ ఉద్యోగం తీగ చేస్తుంది. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ ముప్పై మిల్లీయాంపియర్ల తేడా వస్తే చాలు, ఆర్‌సీసీబీ రెప్పపాటులో కట్ చేస్తుంది.

బావ లేచాడు. లేచి, "మరి మన ఇంటికి ఎర్తింగు ఉన్నాదా?" అన్నాడు.

ఉండాలి. పెరట్లో వెతికితే ఎర్తింగు గోతి మీద కోళ్లగూడు ఉంది. సముద్రపు ఇసక నేల మాది, ఎండాకాలం పైపొరలో తడి మిగలదు. పొడి ఇసక కరెంటుని లోపలికి రానివ్వదు. గోతిని తవ్వించి, బొగ్గూ నౌపడా ఉప్పూ వరసలు వేయించి, రోజుకో బిందె నీళ్లు పొయ్యమన్నాను. ఊరగాయల కోసం దాచిన ఉప్పు భూమిలో పోయడం చూసి మా అక్క, అమెరికా నుంచి వచ్చినవాడికి దిష్టి తీయిస్తున్నాననుకుంది. ఆ నమ్మకంతోనే నీళ్లు కూడా క్రమం తప్పకుండా పోసింది. నేను దిద్దలేదు.

ఆ సాయంత్రం వైరు మొత్తం విప్పి, గొడ్ల కాళ్లకి తగలకుండా కంచె వారన పరిచి, దారి దాటే చోట ఇనపగొట్టంలోంచి పంపి, పొడవునా ఆకులు ఊడ్పించి, స్విచ్చేశాం. బండి దగ్గర 195. ఏసీ గొంతు సవరించుకుంది. కెటిలూ మైక్రోవేవూ ఒకేసారి పెట్టకూడదని మావాడి చేత వాళ్లావిడ ముందు ప్రమాణం చేయించాను. శిష్యుడు వైరుని చేత్తో పట్టుకుని చూసి, "చల్లగున్నాది మాస్టారూ" అన్నాడు, ఏదో లోపమున్నట్టు.

మావాడు డాలస్ వెళ్లిపోయాడు. వైరు మా అటక మీద మిగిలింది. అప్పట్నుంచీ నాకు తీరిక లేదు. పెళ్లి పందిరికి కావాలి, బోరు మోటారుకి కావాలి, జాతర సౌండు బాక్సులకి కావాలి. ఇస్తాను గానీ షరతులు చెబుతాను. పూర్తిగా విప్పాలి, మధ్యలో బాక్సు గుచ్చకూడదు, మూడోపిన్ను విరగ్గొట్టకూడదు, పిన్నులకి ఉప్పుగాలి చిలుము పడితే తుడిచి తేవాలి. అందరూ తలూపుతారు. మొన్న పక్కవీధిలో ఓణీల ఫంక్షను. టెంటు వేసే గుంటడొచ్చి నా షరతులన్నీ చేతులు కట్టుకుని విన్నాడు. విని, "మాకంత పొడుగెందుకు మాస్టారూ, ముప్పై మీటర్లు చాలు. సగం కోసుకుంటాను, మిగతాది మీ దగ్గరే ఉంచండి" అన్నాడు. అప్పుడు చూశాను, జేబులో కట్టింగ్ ప్లేయరు పెట్టుకునే వచ్చాడు.