దూకుడు నిమిషం, డప్పు నెల్లాళ్లు

మస్కట్‌ రువీలో మనవాడొకడు కొత్తగా స్కైడైవర్‌ అయ్యాడు.

వారాంతం వస్తే సరిహద్దు దాటి దుబాయ్‌లో దూకొస్తాడు.

13 వేల అడుగుల నుంచి దూకితే గాల్లో పడేది నిమిషం.

ఆ నిమిషాన్ని వర్ణించేది నెల్లాళ్లు.

పారాచూట్‌ ఓ ఎత్తులో తెరుచుకుంటుంది. ఆయన నోటికి ఆ నియమం లేదు.

శుక్రవారం బిర్యానీకి పిలిస్తే, ‘వీడియో లేదంటేనే వస్తాం’ అంటున్నారు మిత్రులు.

తెలుగు హీరో పారాచూట్‌ లేకుండా దూకి, క్రాపు చెదరకుండా ఫైటు మొదలెడితే ‘లాజిక్‌ లేదు’ అని పెదవి విరుస్తాడు.

2018 నాటి ‘మిషన్‌ ఇంపాజిబుల్‌’ కోసం టామ్‌ క్రూజ్‌ వందసార్లకు పైగా దూకాడంటే, ‘ఆయనకు జీతమిస్తారుగా!’ అని నిట్టూరుస్తాడు.

ఒమన్‌లోని మజ్లిస్‌ అల్‌ జిన్‌ గుహలోకి 2007లో స్కైడైవర్‌ ఫెలిక్స్‌ బామ్‌గార్ట్‌నర్‌ దూకాడు.

‘ఫెలిక్స్‌, నేను ఒకే బ్యాచ్‌’ అంటాడు మనవాడు.

మొన్న పండక్కి ఫ్యాన్‌ తుడవమని వాళ్లావిడ స్టూలు వేసింది.

రెండడుగులు ఎక్కాడో లేదో, పైనుంచి కేక:

‘గట్టిగా పట్టుకోవే, కళ్లు తిరుగుతున్నాయి!’