స్లైడేశ్వరరావు

అసలు పేరు హాల్ టికెట్ మీద ఉంటుంది, మనకెందుకు. ఏ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లినా ఫైనలియర్‌లో ఒకడు తగులుతాడు కాబట్టి స్లైడేశ్వరరావు అనుకుంటే సరిపోతుంది. ప్రాజెక్టు సెమినార్ తేదీ నోటీసు బోర్డు ఎక్కగానే అతను మొట్టమొదట తయారుచేసేది ఆఖరి స్లైడు. ఓ గులాబీ, పక్కన వంకర అక్షరాల్లో ‘థాంక్యూ’. ఆ గులాబీ గిరగిరా తిరుగుతూ రావాలా, పైనుంచి జారిపడాలా అని హాస్టల్ గదిలో అర్ధరాత్రి దాకా తర్జనభర్జన. తర్వాత మొదటి స్లైడు. కాలేజీ లోగో, నలుగురి రోల్ నంబర్లు, ‘అండర్ ది ఎస్టీమ్డ్ గైడెన్స్ ఆఫ్’ అంటూ గైడుగారి పేరు, పేరు వెనక ఆయన డిగ్రీలన్నీ. ముందూ వెనకా కుదిరాక మధ్యలో ఏముండాలన్నది పెద్ద విషయం కాదు. అది సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది.

ప్రాజెక్టు స్మార్ట్ డస్ట్‌బిన్. నిరుడూ అదే. ముందటేడూ అదే అయ్యుండాలి.

అలాగని రావు సోమరి అనుకునేరు. ఇంగ్లీషులో అదరగొట్టడం ఎలాగో చెప్పే యూట్యూబ్ వీడియో అతను చూడనిది లేదు. పది స్లైడ్లు, 20 నిమిషాలు దాటొద్దని, అక్షరం 30 పాయింట్లకు తగ్గొద్దని గై కవాసాకి పెట్టిన 10-20-30 సూత్రం అతనికి కంఠతా వచ్చు. అంకెలు మూడూ గుర్తున్నాయి, వరసే తారుమారైంది. స్లైడ్లు 30, అక్షరం 10 పాయింట్లు, మాట్లాడాల్సింది మాత్రం 20 నిమిషాలు.

ఇంకో లెక్క మరీ ప్రమాదం. ఎదుటివాడిని ఆకట్టుకోవడంలో మాటల వాటా 7 శాతమేననీ, గొంతుది 38, మొహానిది 55 అనీ పర్సనాలిటీ క్లాసుల్లో బల్లగుద్ది చెబుతుంటారు. దాని మూలం ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో అచ్చువేసిన ప్రయోగాలు. ఒంటి మాటలను రకరకాల గొంతులతో వినిపించి, చెప్పే మనిషికి ఎదుటివాడంటే ఇష్టమా కాదా పోల్చుకోమన్నారు. ఇష్టాయిష్టాలు చెప్పుకునే చోట తప్ప ఈ లెక్క పనికిరాదని ఆయనే చెప్పాడు. డస్ట్‌బిన్ మీద మనకున్న అభిమానం ఎంతో తేల్చడం ఈ సెమినార్ ఉద్దేశం కాదు గదా! కానీ రావు ఆ లెక్కను తు.చ. తప్పకుండా పాటించాడు. కోటు అద్దెకు తెచ్చాడు, టై ముడి నేర్చుకున్నాడు, అద్దం ముందు చేతులు ఊపాడు. విషయానికి ఏడు శాతం వదిలాడు.

ఆ రోజు వచ్చింది. “రెస్పెక్టెడ్ ప్రిన్సిపాల్ సార్, హెచ్ఓడీ సార్, లెక్చరర్స్ అండ్ మై డియర్ ఫ్రెండ్స్, ఎ వెరీ వెరీ గుడ్ మార్నింగ్ టు ఒన్ అండ్ ఆల్!” అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. ప్రిన్సిపాల్ ఊళ్లోనే లేరు. అయినా బట్టీ పట్టిన దాంట్లో ఒక్క ముక్క కదిపితే మొత్తం కూలుతుంది, రావు ఆ సాహసం చేయడు. బీబీసీ రేడియోలో 1967లోనే మొదలైన ‘జస్ట్ ఎ మినిట్’ ఆట మన కాలేజీ ల్యాబుల్లోకి ‘జామ్’ పేరుతో దిగింది. తడబడకుండా, అన్నదే అనకుండా, దారి తప్పకుండా ఒక నిమిషం మాట్లాడాలి. మనవాడు ఈ మూడు నియమాలనూ నమస్కారంలోనే తుంగలో తొక్కేశాడు.

మొదటి మూడు వాక్యాలు అమెరికా యాసలో సాగాయి. నాలుగో వాక్యానికి తెనాలి వచ్చేసింది. “యాజ్ వియ్ ఆల్ నో, డస్ట్‌బిన్ ప్లేస్ ఎ వైటల్ రోల్ ఇన్ అవర్ డే టు డే లైఫ్.” స్క్రిప్టులో బ్రాకెట్లో రాసుకున్న ‘పాజ్’ను పైకి చదివేశాడు. ‘స్మైల్’ కూడా చదివాడు, నవ్వలేదు. ఐ కాంటాక్ట్ ముఖ్యమన్నారని మొదటి వరస మధ్యలో కూర్చున్న ల్యాబ్ అసిస్టెంట్‌ను పట్టుకుని, ఆఖరి స్లైడు దాకా వదల్లేదు. ఆ పెద్దమనిషి కుర్చీలో అటూ ఇటూ జరిగినా లాభం లేకపోయింది. లేజర్ పాయింటర్ ఎర్రచుక్క వణుకుతూ తెర దిగి, గోడ పట్టుకుని, హెచ్ఓడీగారి చొక్కా జేబు దగ్గర ఆగింది.

‘ఎనీ క్వెరీస్’ ఘట్టానికి ముందే ఏర్పాటుంది. బిర్యానీ ఒప్పందం మీద ఓ మిత్రుడికి ప్రశ్న రాసి ఇచ్చాడు. మిత్రుడు నిజాయితీపరుడు. లేచి, ప్రశ్నతోబాటు కింద రాసున్న జవాబు కూడా చదివి కూర్చున్నాడు. అప్పుడు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గారు కళ్లద్దాలు సర్దుకుని, బుట్ట నిండిందని ఎలా తెలుస్తుందని ఇంగ్లీషులో అడిగారు. “బేసికల్లీ సార్... యాక్చువల్లీ సార్... సెన్సార్ సార్.”

పది నిమిషాల తర్వాత వరండాలో, టై జేబులో కుక్కుకుని, జూనియర్లకు చెబుతున్నాడు: “మూతకింద సెన్సార్ శబ్దం వదులుద్దిరా. అది చెత్తకి తగిలి వెనక్కొచ్చే టైమునిబట్టి ఎంత నిండిందో లెక్కేసుద్ది. పాత దుప్పటి ముక్కలేశాం. గుడ్డ శబ్దాన్ని మింగేసింది మావా! బుట్ట పొంగిపోతంటే ఫోనుకి ఖాళీ అని మెసేజీ!” జూనియర్లు కళ్లప్పగించి వింటున్నారు, ఒకడు వెంటనే, సెన్సార్ రెండోది పెడితేనో అన్నాడు. ముప్ఫై స్లైడ్లలో లేని ప్రాజెక్టు అక్కడుంది. దీన్ని ఇంగ్లీషులో చెప్పడానికి షేక్‌స్పియర్ అక్కర్లేదు. ‘క్లాత్ ఈట్స్ సౌండ్’ అంటే ఎక్స్‌టర్నల్‌గారు లేచి కూర్చునేవారు. అదెందుకు స్లైడులో పెట్టలేదయ్యా అంటే, “అది ఫెయిలయింది గదా సార్, బాగోదు” అన్నాడు.

ఇతన్ని మార్చడం మన తరం కాదు. మీకు ఒక్కటే మనవి. సెమినార్ హాల్లో మొదటి వరస మధ్య కుర్చీ ఖాళీగా ఉంటే, ఎంత మర్యాద చేసినా కూర్చోకండి. ల్యాబ్ అసిస్టెంట్‌గారు ఆ రోజు నుంచి వెనక వరసలోనే కూర్చుంటున్నారు.