కారుకరక్షణము: టీకా తాత్పర్య సహితము

మూలము

మెట్ల దారి చెంత మేస్త్రి సారువ గట్టి
కారు పైన రంగు కారిపోయె
గీత చిన్నదనుచు గీచి నవ్విన వాని
బాకి మిగిలి యుండు భాగ్య మరయ

అవతారిక

కోలాచల మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ రెండు మాటలిచ్చాడు: మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను. మొదటి మాట ఈ వ్యాఖ్యాత కూడా ఇస్తాడు. రెండోది ఇవ్వడు. మేస్త్రీల వ్యవహారంలో అక్కర లేదని వదిలేసిన మాటే ఆఖర్న అక్కరకొస్తుంది.

పద్యకర్త పేరు తెలియదు. అలిపిరి దగ్గరి గృహస్థు అని పద్యమే చెబుతోంది. ఇంటికి రంగులు వేయించాడు, కారు తీసి పక్క వీధిలో పెట్టడానికి బద్ధకించాడు, ఆటవెలది చెప్పాడు. ఇంటి పనికి పిలిచినవాడి చేతిలో మన బండి పాడైతే ఏం చేయాలన్నది విషయం. పేరు మాత్రం అరువు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నాలుగో అధికరణం కంటకశోధనం. దాని మొదటి ప్రకరణం కారుకరక్షణం. కారుకులంటే చేతిపనివాళ్లు. వాళ్ల వల్ల జనానికి నష్టం కలగకుండా చూడటం అక్కడి ప్రసక్తి. మన కవి ఆ సమాసాన్ని అలిపిరికి తెచ్చి మూడు రకాలుగా విరిచాడు. కారుక రక్షణం అంటే కౌటిల్యుడి అర్థమే. కారుకు అరక్షణం అంటే బండికి కాపు లేకపోవడం. కారుకు అర క్షణం అంటే డబ్బా ఒలకడానికి పట్టే కాలం. చివరి రెండింటికీ ఉకారసంధి చాలు.

ప్రతిపదార్థము

మెట్ల దారి చెంత = అలిపిరి పాదాల మండపం నుంచి కొండకు ఎక్కే 3,550 మెట్ల దారికి దగ్గరలో. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కేది కూడా మెట్ల దారే కదా అని శంక. దాన్ని జనం శ్రీవారి మెట్టు అంటారు, మెట్ల దారి అనరు. కాబట్టి ఇది అలిపిరే. పైగా అలిపిరిలో సాయంత్రం కొండ మీద నుంచి గాలి దిగుతుంది. ఆ గాలికి ఈ కథలో పాత్ర ఉంది.

మేస్త్రి = పని ఒప్పుకున్నవాడు. పని చేసేవాడు కాదు. ఈ తేడా చివర్లో పనికొస్తుంది.

సారువ గట్టి = సరుగుడు కట్టెలతో, కొబ్బరి తాళ్లతో సారువ కట్టి. ఇక్కడ వ్యాకరణం తెలిసినవాళ్లు ఆగుతారు. "కట్టి" క్త్వార్థకం. క్త్వార్థానికీ ప్రధాన క్రియకూ కర్త ఒక్కడే కావాలి. కట్టింది మేస్త్రి, కారిపోయింది రంగు, కర్తలు ఇద్దరయ్యారు. దోషమే. కానీ కవి తెలియక చేసిన దోషం కాదిది. మేస్త్రీలు మాట్లాడే తీరే ఇది. సారువ నేను కట్టినా సామీ, గోడకు రెండు కోట్లు నేను కొట్టినా సామీ, రంగు మటుకు అదే కారింది సామీ. మంచి పనులన్నిటికీ తానే కర్త, చెడిన చోట రంగే కర్త.

కారు పైన = అలిపిరి, కారు అన్న మాటలు పక్కపక్కన వింటే రాష్ట్రానికి 2003 అక్టోబరు 1 గుర్తొస్తుంది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ కింద మందుపాతర పేలిన రోజు. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఆ ప్రసంగం ఇక్కడ పొసగదు, రసం వేరు. వాహనమని ఎందుకు అనలేదంటే, ఈ ఊళ్లో వాహనమంటే ముందు బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి కదిలే గరుడుడు. ఆయన్ను ఎవరూ సారువ కింద పార్కు చేయరు.

రంగు = ఏ రంగు? వ్యాఖ్యాతలు ఎప్పుడూ దాటవేసే పదమిది, ఉపాయమంతా ఇందులోనే ఉంది. గోడలకు వేసే ఎమల్షన్ నీళ్ల రంగు. తడిగా ఉండగా బకెట్టు నీళ్లు పోస్తే కారు మీద నుంచి జారిపోతుంది, ఎండితే అతుక్కుంటుంది. అప్పుడైనా వేడి సబ్బు నీళ్లతో నానబెట్టి, ఆ తర్వాత కారు కడిగేవాళ్ల దగ్గర దొరికే క్లే బార్‌తో మెల్లగా తీయించాలి. గ్రిల్లుకు వేసే ఎనామిల్ నూనె రంగు, నీళ్లకు లొంగదు. టర్పెంటైన్ తడిపిన మెత్తటి గుడ్డ కావాలి. థిన్నర్ పోస్తే గ్రిల్లు రంగుతో పాటు కారు రంగూ వస్తుంది. సిమెంటు చుక్కలైతే ఇంకా కష్టం. సిమెంటు క్షారం, ఎండుతూ ఎండుతూ పై పూతను తింటుంది. నీళ్లు కలిపిన వెనిగర్‌తో నానబెట్టి కరగదీయాలి. టైల్స్ కడగడానికి మేస్త్రి తెచ్చే యాసిడ్ ఈ పద్యంలో లేదు గానీ, దాని ఆవిరికి పక్కనున్న బండి బ్రేకు డిస్కులు, అల్లాయ్ చక్రాలు మచ్చలు పడతాయి. గ్రిల్లు కోసేటప్పుడు ఎగిరే నిప్పురవ్వలు అద్దంలో దిగబడితే ఏ పాలిషూ పని చేయదు, అద్దమే మార్చాలి.

కారిపోయె = పైన చెప్పిన అర క్షణంలో.

గీత చిన్నదనుచు = రంగు కారిందన్నాక గీత ఎక్కడి నుంచి వచ్చింది? పూర్వపక్షం ప్రకారం గీత ముందే ఉంది. మేస్త్రి అనేది అదే: "అది మునుపే ఉండాది సామీ, మీరు చూసుకోలే." సిద్ధాంతం వేరు. రంగు పడింది, సారువ మీది పిల్లోడు భయపడ్డాడు, చేతిలో ఉన్న పుట్టీ బ్లేడుతో గీకాడు. రంగు పోయింది, గీత మిగిలింది. అంటే నష్టం రెండు సార్లు జరిగింది. మొదటిది నీళ్లతో పోయేది, రెండోది షెడ్డుకు పోవాల్సింది. పని మొదలయ్యే రోజు పొద్దున కారు చుట్టూ తిరిగి నాలుగు ఫోటోలు తీసి ఉంటే పూర్వపక్షం అక్కడే పడిపోయేది.

గీచి = గోరుతో గీచి. మేస్త్రి చేసే పరీక్ష ఇది, నిజానికి మంచి పరీక్షే. కారు రంగు పొరలన్నీ కలిపినా మిల్లీమీటరులో పదో వంతో, అంతకు కాస్త ఎక్కువో. అందులో అన్నిటికన్నా పైది రంగు లేని మెరుపు పూత. గోరు గీత మీదుగా జారిపోతే నష్టం ఆ పూత వరకే, పాలిష్ చాలు. గోరు తగిలి ఆగితే కింది పొర దాకా దిగినట్టు. అప్పుడు ఆ డోరుకో బానెట్‌కో మొత్తంగా రంగు వేయాలి. పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు, చుట్టూ ఉన్న పూతను గీత లోతుకు అరగదీయడం. కాబట్టి ఊరికే పాలిష్ కొట్టిస్తానని ఎవరన్నా అంటే సంతోషపడాల్సిన పని లేదు.

నవ్విన వాని = ఈ నవ్వు హాస్యం కాదు. రవ్వంత భయం, రవ్వంత లౌక్యం. "రవ్వంత గీత సామీ, పాలిష్ కొడితే పోతాది" అనే వాక్యం ఈ నవ్వుతోనే మొదలవుతుంది.

బాకి మిగిలి యుండు = ఇంకా ఇవ్వని డబ్బు మన దగ్గరే ఉంది.

భాగ్యము, అరయ = ఆలోచిస్తే అదే అదృష్టం.

తాత్పర్యము

మేస్త్రి పనివాళ్ల వల్ల కారు పాడైంది. ఆఖరి విడత డబ్బు ఇంకా ఇవ్వలేదు కాబట్టి దారి ఉంది.

విశేషములు

పద్యం బరువంతా నాలుగో పాదం మీదే. మిగిలిన మూడూ ఏడుపు, ఇదొక్కటే నీతి. చట్టాలున్నాయి, కమిషన్లున్నాయి, బీమా ఉంది. కవి అవేవీ ఎత్తకుండా బాకీ దగ్గరికి వెళ్లాడు. ఈ తీర్పు సరైనదేనని లెక్క వేసి చూపిస్తాం.

బీమా సంగతి చూద్దాం. క్లెయిం లేకుండా ఐదేళ్లు గడిపిన వాడికి ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఉంటుంది. ఒక్క క్లెయిం పెడితే మరుసటి ఏడు అది సున్నా. మళ్లీ 20, 25, 35, 45 అంటూ మెట్టు మెట్టుగా ఎక్కాలి, మెట్లు ఇక్కడా తప్పవు. ఓన్ డ్యామేజీ ప్రీమియం 8,000 అనుకుంటే మొదటి ఏడు పోయేది 4,000, తర్వాత 2,400, ఆ పైన 2,000, 1,200, 400. మొత్తం 10,000. ఏటా కారు విలువతో పాటు తగ్గే ప్రీమియం లెక్కలోకి తీసుకుంటే కొంచెం తక్కువ. దీనికి తోడు 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయింలోనూ మొదటి 1,000 మనమే పెట్టుకోవాలి. బోనస్‌ను కాపాడే అదనపు కవరు తీసుకోని వాడికి పది పదకొండు వేల లోపు దెబ్బకు బీమా అడగటం నష్టం. ఒక డోరు రంగుకు అంతకన్నా తక్కువే అవుతుంది. అయినా క్లెయిమే పెడతానంటే, మేస్త్రికి "నీతో నాకే పేచీ లేదు" అని రాసివ్వకూడదు. బీమా కంపెనీ మనకు డబ్బు కట్టాక మన స్థానంలో నిలబడి మేస్త్రిని అడిగే హక్కు దానికుంది, ఆ చీటీ ఆ హక్కును చంపేస్తుంది.

ఇసుక ట్రాక్టరు వెనక్కొస్తూ బంపరుకు కొడితే సంగతి వేరు, ఆ ట్రాక్టరు బీమాయే జవాబు చెప్పాలి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దాకా పోవచ్చు. పెయింటు డబ్బాకు థర్డ్ పార్టీ బీమా ఉండదు.

ఇక కౌటిల్యుడు. మైసూరులో శామశాస్త్రి 1909లో అచ్చు వేయించేదాకా ఆ గ్రంథాన్ని జనం చూడలేదు గానీ, చూశాక తెలిసిందేమిటంటే ఈ గొడవ పాతదే. చాకలి బట్టలు చెక్క పలక మీదో, నున్నటి రాతి మీదో మాత్రమే ఉతకాలి. వేరే చోట ఉతికి చింపితే బట్ట విలువ కట్టి, పైన ఆరు పణాలు దండుగ ఇవ్వాలి. అక్కడ అడిగేది గట్టిగా బాదాడా లేదా అని కాదు, ఏ రాయి వాడాడు అని. మన పద్యానికి అన్వయిస్తే పిల్లోడి చెయ్యి జారిందా లేదా అన్నది ప్రశ్న కాదు. కారు మీద పట్ట కప్పారా, పుట్టీ బ్లేడు ఎందుకు తీశారు అన్నది ప్రశ్న. పోయినదానికీ పాడైనదానికీ కారుకులే ఇచ్చుకోవాలని, అనుకోని ఆపదలకు మాత్రం మినహాయింపని కూడా అక్కడుంది. మేస్త్రి పట్టుకునేది ఈ మినహాయింపునే. "గాలికి డబ్బా దొర్లింది సామీ." అలిపిరిలో సాయంత్రం గాలి అనుకోని ఆపదా? రోజూ వచ్చేదాన్ని ఆపద అనడానికి వీల్లేదు. డబ్బాను తాడుతో కట్టుకోవాల్సింది.

కాబట్టి కవి మార్గం ఇది. రంగు తడిగా ఉంటే ముందు నీళ్లు, తర్వాత మాటలు. గీత పడితే కడగక ముందే ఫోటో. తెలిసిన షెడ్డు నుంచి కాగితం మీద అంచనా. నోటితో చెప్పింది చెల్లదు. ఆ అంకె ఎంతో అంతే బాకీలో తగ్గించాలి. కారు కొత్తదనీ, మనసు నొచ్చుకుందనీ, అల్లుడు చూస్తే ఏమనుకుంటాడనీ పైన ఇంకో రెండు వేలు కోసేవాళ్లున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం నోటి ఒప్పందాన్నీ ఒప్పుకుంటుంది, నష్టానికి పరిహారమూ ఇప్పిస్తుంది. అల్లుడి అభిప్రాయానికి ఇప్పించదు.

పక్కింటి వాళ్ల కారు మీద పడితే? సొంతంగా పని ఒప్పుకున్న మేస్త్రి చేసిన తప్పుకు పని ఇచ్చినవాడు బాధ్యుడు కాడని సాధారణ సూత్రం. ఆ సూత్రం చెప్పి పక్కింటి వాళ్లతో ఒక గోడ పంచుకుని ముప్పై ఏళ్లు బతకగలిగితే చెప్పవచ్చు. లేకపోతే అదే బాకీలో నుంచి అదే పద్ధతి.

పాఠాంతరము

కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం ఇలా ఉంది:

బాకి తీరియున్న భాగ్యమేది

ఛందస్సుకు లోటు లేదు, యతి కూడా చెక్కు చెదరలేదు, గృహస్థుకు మాత్రం అన్నీ లోటే. దీపావళికో పెళ్లికో పని తొందరగా కావాలని డబ్బంతా ముందే ఇచ్చినవారి ప్రతి ఇది. వీరికి పోలీసు స్టేషన్‌లో వినపడేది "ఇది సివిల్ మేటర్ సార్" అని, అది అబద్ధం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఆస్తికి చెరుపు నేరం కావాలంటే ఉద్దేశమో, నష్టం జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. చెయ్యి జారడం అందులోకి రాదు.

మిగిలింది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. డబ్బు తీసుకుని చేసిన పని సేవ, ఆ సేవలో లోపం ఫిర్యాదుకు పనికొస్తుంది. పనికి ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. లాయరు లేకుండా కూడా పోవచ్చు. ఫిర్యాదులో ఎదుటి పక్షం పేరు, చిరునామా రాయాలి కదా, అక్కడ చాలామంది ఆగిపోతారు. ఫోనులో అతని పేరు "పెయింట్ మేస్త్రి కొత్త" అని ఉంటుంది. ఇంటి పేరు తెలియదు, ఊరు పాకాల వైపని విన్నారు. సంతకం పెట్టిన చిన్న కాగితం, ఆన్‌లైన్‌లో వేసిన డబ్బు రసీదు ఉంటే లోక్ అదాలత్‌లో కూచోబెట్టి మాట్లాడించవచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఈ పాఠాన్ని గ్రహించిన పండితులందరూ మొదటి పాఠమే ఉత్తమమని చెప్పారు.

శంకాసమాధానము

శంక: పద్యంలో మేస్త్రి ఉన్నాడు, సారువ ఉంది, కారు ఉంది, రంగు, గీత, బాకీ ఉన్నాయి. సారువ మీద ఉన్న పిల్లోడు ఏడి?

సమాధానం: లేడు. కవి వదిలేశాడు, మేమూ ఇంతసేపూ అతన్ని మాటల మధ్య నుంచే పిలిచాం. షెడ్డు అంచనా 4,000 అని, గృహస్థు బాకీలో అంతే న్యాయంగా కోశాడనుకుందాం. మేస్త్రి దాన్ని తన లాభంలో కోసుకుంటాడా? పట్ట కప్పనిది మేస్త్రి, డబ్బా కట్టుకోమని చెప్పనిది మేస్త్రి, రంగు పడితే ఏం చేయాలో నేర్పనిది మేస్త్రి. కూలి తెగేది పిల్లోడికి, అదీ ఎన్ని రోజులదో మేస్త్రి దయ. కౌటిల్యుడి కాలంలో పనివాడు చేతులెత్తేస్తే అతని శ్రేణి పూచీ పడేది. ఈ ఊరి పెయింటర్లకు శ్రేణి అంటే మేస్త్రి ఫోను నంబరే.

అందుకని వ్యాఖ్యాత సొంతంగా ఒక మాట చేరుస్తాడు, మల్లినాథుడు క్షమించాలి. కోత పెట్టేముందు పిల్లలకు రావాల్సిన కూలి ఎంతో అడిగి, మేస్త్రి ఎదురుగానే ఎవరిది వాళ్ల చేతికి ఇచ్చి, మిగిలినదాంట్లో నుంచి 4,000 తగ్గించాలి. ఇలా అనగానే మేస్త్రి మళ్లీ నవ్వుతాడు. "అది మేం లోపల్లోపల చూసుకుంటాం లే సామీ, మీరెందుకు." లోపల్లోపల అన్నదానికి టీక చెప్పగలిగినవాడు ఆ పిల్లోడొక్కడే. వాడిని ఇప్పటికే జీవకోనలో ఇంకో ఇంటికి పుట్టీ పట్టడానికి పంపించేశారు.