దోహా గేటు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం:

చిట్టి చేతబట్టి, చీరకొంగున గట్టి
దోహలోన దిగెను తోడు లేక
గేటు మారెననుచు కేక విన్పడెగాని
బోధపడక తిరిగె, పొద్దు గూకె

అవతారిక: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే త్రిపురాల నుంచి అమెరికాలో డాలస్‌లోని కొడుకు దగ్గరికి పోయే తల్లి ఈ ఆటవెలదికి నాయిక. కోడలికి నెలలు నిండుతున్నాయి, కొడుక్కి సెలవు దొరకలేదు, పెద్దాయనకు వీసా రాలేదు. కనుక ఒక్కతే బయలుదేరింది. శంషాబాద్ దాకా రెండు కార్లలో చుట్టాలు వచ్చారు. లోపలికి మాత్రం ఆమె ఒక్కతే. కవి ఎవరో చెప్పను. కవీ వ్యాఖ్యాతా ఒకరే అయితే తగాదాలు తక్కువ. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెతుకుసీమ కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు.

ప్రతిపదార్థం: చిట్టి = కొడుకు పెద్దపెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాసిచ్చిన కాగితమును; చేతన్ పట్టి = కుడిచేత నలిగేదాకా పట్టుకొని (ఎడమచేత ఫోను కలదు, అందులో చార్జింగు లేదు); చీరకొంగునన్ కట్టి = కొంగులో ఏదో ముడివేసి; దోహలోనన్ = కతార్ దేశపు రాజధానియందు; తోడు లేక = తెలిసినవారెవరూ వెంటలేక; దిగెను = విమానము నుండి దిగినది; గేటు మారెను అనుచు = ఎక్కవలసిన ద్వారము వేరొకటైనదనుచు; కేక = మైకులోని ప్రకటన; విన్పడెన్ కాని = చెవిన పడినది గాని; బోధపడక = అది అరబ్బీయో ఇంగ్లీషో తేలక; తిరిగెన్ = తిరిగినది; పొద్దు కూకెన్ = సూర్యుడస్తమించెను.

తాత్పర్యం: తప్పిపోయింది.

విశేషాలు: మొదటి పాదంలోనే పెద్ద చిక్కుంది. కొంగున కట్టింది ఏమిటి? కర్మపదం లేదు కనుక అధ్యాహారం చేసుకోవాలి. సూర్యాపేట సంప్రదాయం వారు పాస్‌పోర్టు అంటారు. కోదాడవారు ఒప్పుకోరు. పాస్‌పోర్టు అడుగడుగునా చూపాల్సిందే, ముడి విప్పుతూ కూర్చుంటే వెనక క్యూ ఊరుకోదు, కట్టింది డాలర్లే అని వారి వాదం. మిర్యాలగూడ వారిది మూడో దారి. ఊరంతా రైస్ మిల్లులు, కొడుకు తినేదేమో కడపటి రకం బియ్యం, కాబట్టి కట్టింది పిడికెడు కొత్త బియ్యం అంటారు. భావం గొప్పదే కానీ చట్టం ఒప్పుకోదు. ఖప్రా అనే పురుగు భయంతో 2011 నుంచి అమెరికా మన దేశపు బియ్యాన్ని ప్రయాణికుల సామానులో రానివ్వడం లేదు. మాంసం పచ్చళ్లదీ అదే గతి. మామిడికాయ పచ్చడి పెద్ద పెట్టెలో పోతుంది గాని చేతిసంచిలో పోదు. 2006లో లండన్‌లో ద్రవబాంబుల కుట్ర బయటపడినప్పటి నుంచి చాలా విమానాశ్రయాల్లో నూరు మిల్లీలీటర్లు దాటిన తడి వస్తువేదైనా అనుమానాస్పదమే. ఊరగాయ ద్రవమా ఘనమా అని తార్కికులు కొట్టుకోవచ్చు, సెక్యూరిటీ వాళ్లు మాత్రం కొట్టుకోరు, తీసి పక్కన పెడతారు.

పాఠాంతరాలు: కొన్ని ప్రతుల్లో "దుబయిలోన" అని ఉంది. గణాలు సరిపోతాయి, యతీ కుదురుతుంది. కుదరనిది సంచిలోని గసగసాలే. మన కూరల్లో పడే ఆ గింజలు అక్కడ మత్తుపదార్థాల జాబితాలోవి. "సిడ్నిలోన" అనే పాఠానికి యతిభంగం. పైగా అక్కడ దిగేటప్పుడిచ్చే కార్డులో తినే వస్తువులేవీ లేవని రాసి, పెట్టెలో కరివేపాకుతో దొరికితే అక్కడికక్కడే జరిమానా. కాబట్టి దోహా పాఠమే గ్రాహ్యం.

"తోడు లేక" అనడం మీద పూర్వపక్షం: విమానం నిండా తెలుగువాళ్లే కదా, తోడు లేకపోవడమేమిటి? సమాధానం: పక్క సీటు కుర్రవాడు శంషాబాద్‌లో చెవుల్లో పెట్టుకున్నవి డాలస్ దాకా తీయడు. తెలుగు ఉంది, చెవి లేదు.

ఇక "కేక". విజయవాడ రోడ్డు మీద బస్సు సూర్యాపేట హోటల్ దగ్గర టీకి ఆగిందనుకోండి. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొడతాడు. కండక్టర్ తలలు లెక్కపెడతాడు. ఒక తల తగ్గితే వెనక సీటావిడ "ఆగయ్యా, ఆమె ఇంక రాలే" అని గదమాయిస్తుంది. బస్సు ఆగుతుంది. మన నాయిక ప్రయాణం నేర్చింది ఈ బడిలో. విమానాశ్రయంలో తల తగ్గితే ఆమె పెట్టెను వెతికి దింపేస్తారు, ఆమెను వెతకరు. ముంబైలాంటి కొన్ని విమానాశ్రయాలు బోర్డింగ్ కేకలు వేయడమే మానేశాయి. తెర చూసుకోమంటాయి. చదువురాని మనిషికీ, చత్వారం మనిషికీ తెర గోడతో సమానం. ప్రయాణికురాలు అజ్ఞాని అని నవ్వే వ్యాఖ్యాతలతో నేను ఏకీభవించను. అడగడం ఆమె విద్య. అడిగించుకునే మనిషిని తీసేసింది విమానాశ్రయాలే.

"తిరిగె" అన్నచోట కవి ఊరికే వదిలేశాడు గానీ అక్కడో గొప్ప గురుతుంది. 2014లో తెరిచిన హమద్ విమానాశ్రయం నడిబొడ్డున, ఏడు మీటర్ల పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ, దాని తలలోంచి ఒక దీపం. ఉర్స్ ఫిషర్ అనే స్విట్జర్లాండ్ కళాకారుడు చేసింది. కళాతత్త్వం సంగతి నాకనవసరం. "ఎలుగుబంటి కాడ నిలబడు" అంటే ఏ భాషవాడైనా నిలబడగలడు.

"పొద్దు గూకె" అన్నది ఎక్కడి పొద్దు? ఆమె చేతి గడియారం కోదాడ టైము చూపిస్తోంది, సాయంత్రం ఆరున్నర. దోహాలో అప్పుడు నాలుగే, ఎండ చుర్రుమంటోంది. వేసవి లెక్కన డాలస్‌లో పొద్దున ఎనిమిది. కొడుకు కాఫీ కలుపుకుంటున్నాడు. కనుక గూకింది ఆమె గడియారంలోని పొద్దు మాత్రమే.

పద్యం ఇక్కడ ఆగింది, ప్రయాణం ఆగలేదు. నేల తుడుస్తున్న ఒక పిల్లగాణ్ణి ఆమె "బిడ్డా, గీ గేటు యాడుందయ్యా?" అని తెలుగులోనే అడిగింది. జవాబు తెలుగులోనే వచ్చింది. ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి కతార్‌కు కూలికి పోయినవాళ్లు ఎంతమందో తెలిసినవారికి ఇందులో అద్భుతరసం కనిపించదు.

చివరగా వీల్‌చైర్. మోకాళ్లు రాయిలా ఉన్న తల్లులకు కూడా పిల్లలు వీల్‌చైర్ బుక్ చేస్తున్నారు. అడిగితే అది కాళ్లకోసం కాదు, ఇంగ్లీషు కోసం అంటారు. తోసే మనిషి గేటు దాకా తీసుకుపోతాడు కదా! పిల్లల్ని తప్పుపట్టలేను. కానీ నిజంగా నడవలేని ముసలాయన ఆ కుర్చీ కోసం కాచుకొని ఉంటాడు. కుర్చీ లేకుండా మనిషిని మాత్రం తోడిచ్చే ఏర్పాటు ప్రతి విమాన సంస్థా ఉచితంగా చేయాలి.

అది జరిగేదాకా, అమ్మను ఒంటరిగా పంపే బిడ్డలకు ఒక మాట. చవకగా వచ్చిందని గంటన్నర కనెక్షన్ కొనకండి. మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచండి.