ఎకరం వంద కోట్ల రేటుకు బహిరంగ లేఖ

ఎకరం వంద కోట్ల రేటుకు, పుప్పాలగూడ నుంచి ఒక అద్దెదారు రాస్తున్నది.

నువ్వు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. 2023 ఆగస్టు 3. కోకాపేట నియోపోలిస్‌లో ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎండీఏ వేలం. ఎకరం 35 కోట్ల దగ్గర మొదలైన పాట ఒక ప్లాటుకు 100 కోట్ల 75 లక్షల దాకా ఎగబాకింది. గజం రెండు లక్షల పైమాటే. రాత్రికల్లా టీవీల నిండా నువ్వే. హైదరాబాద్ ఎంత ఎదిగిందో చూడండని అందరూ సంబరపడ్డారు.

ఆ నెలలోనే మా ఇంటి ఓనరు వచ్చారు. "పక్కనే ఎకరం వంద కోట్లు పలికిందటమ్మా, ఇక పాత అద్దెకు కుదరదు" అన్నారు. ఆయన నియోపోలిస్‌లో గజం కొనలేదు, గజం అమ్మలేదు. మా ఇంటి గోడకు కొత్త సున్నం కూడా పడలేదు. అయినా మేం సామాను సర్దుకున్నాం. నాలుగేళ్లలో అది మూడో ఇల్లు. ఇల్లు మారిన ప్రతిసారీ పాప ఆటోకు కొత్త బేరం, గ్యాస్ పుస్తకానికి కొత్త అడ్రసు.

ఆ రోజు నిన్ను పాడింది ఒక్క ప్లాటుకే. కానీ చుట్టూ ఉన్న ప్రతి గజమూ నీ పేరే చెప్పుకుంటుంది. మోకిలలో, శంకర్‌పల్లిలో ప్లాటు చూపించేవాళ్లు కోకాపేట ఎంత దూరమో చెప్పాకే రేటు చెబుతారు.

అంతస్తులు ఎక్కువ వేస్తే ఫ్లాట్లు చవకవుతాయని కొందరంటారు. 2006 నాటి జీవో 86తో ఈ నగరంలో, స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు సరిపోతే నలభై, యాభై అంతస్తులూ లేస్తున్నాయి. మరి చవకెందుకు కాలేదు? ఎన్ని అంతస్తులు లేపొచ్చో లెక్క వేసుకునే బిల్డరు వేలంలో పాడతాడు. పైన పెరిగే ప్రతి అంతస్తు లాభమూ ముందే నేల ధరలో కలిసిపోతుంది. ఆ సొమ్మును చదరపు అడుగుల లెక్కన రాబట్టుకునేది కొనేవాడి దగ్గరే.

నిన్ను పెంచి పోషించింది ప్రభుత్వమే. 2021లో ఇదే కోకాపేటలో ఎకరం 60 కోట్ల 20 లక్షల దాకా అమ్మింది. ఇళ్లు అందుబాటులో ఉంచాల్సిందీ, భూమి అమ్మి ఖజానా నింపుకునేదీ ఒకటే ప్రభుత్వమైతే నిన్ను తగ్గించాలని ఎవరికి ఉంటుంది? పైగా కొన్నవాడు రిజిస్ట్రేషన్‌కు కట్టే 7.5 శాతం కూడా నీతోపాటే పెరుగుతుంది. అధికారంలో పార్టీ మారినా పాట ఆగలేదు. 2025లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది.

అమ్మకమే తప్పని నేననను. వచ్చిన డబ్బు ఎటు పోతోందని అడుగుతున్నాను. నువ్వు పుట్టడానికి ఆరు వారాల ముందు కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. వాటికైన ఖర్చు దాదాపు 1,489 కోట్లు. నియోపోలిస్‌లో ఆ ఒక్క రోజు 45 ఎకరాలకు వచ్చింది 3,319 కోట్లు. ఒక్క రోజు పాటతో కొల్లూరు లాంటివి రెండు కట్టొచ్చు. కోకాపేటలో టవర్లు కట్టే కూలీలు వాటి పక్కనే రేకుల షెడ్లలో ఉంటున్నారు. ఆ టవర్లలో గిన్నెలు తోమే ఆడవాళ్లు రెండు బస్సులు మారి వస్తున్నారు. ఇల్లు కావాల్సింది వాళ్లకు.

అందుకే నిన్ను పెంచినవాళ్లను నీ ముందే అడుగుతున్నాను. వేలం సొమ్ములో సగం ఆ చుట్టుపక్కలే తక్కువ అద్దె ఇళ్లకు ఖర్చు పెట్టాలని చట్టం చేయండి. వచ్చే వేలం రోజు సాయంత్రం ఎకరం ఎంత పలికిందో చదివే అధికారి, ఆ డబ్బుతో ఎక్కడ ఎన్ని అద్దె ఇళ్లు కడుతున్నారో కూడా అదే కాగితంలోంచి చదవాలి. ఆ రెండో అంకె వినడానికి మా ఇంట్లో ముగ్గురం టీవీ ముందు కూర్చుంటాం.

ఇట్లు,
పుప్పాలగూడ అద్దెదారు