కోళ్ళ హెడ్డుగుమాస్తా

ఉద్యోగవిరమణము చేసిన పిమ్మట మానవుడు సాధారణముగా మూడు మార్గములలో నొకదాని నవలంబించును. భగవద్గీతను పట్టుకొన్నవాడు ఇంటివారిని మాత్రమే బాధించును. సరిహద్దుగోడ విషయమై వ్యాజ్యమును పట్టుకొన్నవాడు పొరుగువారినిగూడ బాధించును. హోమియోపతి పెట్టెను పట్టుకొన్నవాడు దారిని పోవువారినిసైతము విడువడు. ఈ మూడింటిలో దేనికిని చెందక, మూడింటి లక్షణములను ఇంచుకించుక తనలో నిముడ్చుకొన్న నాలుగవ జాతి యొకటి కలదు. అతడు పెరటిలో కోళ్ళను పెంచువాడు. ఇట్టివాడు ప్రతి వీధిలోను ఒక్కడైనను ఉండును. మా వీధిలోనివాడు ముప్పదిమూడు సంవత్సరములు ప్రభుత్వకార్యాలయములో కాగితములు నడిపి, హెడ్డుగుమాస్తాగా విరమించినవాడగుటచేత, ఆయన కోళ్ళును సర్కారు కొలువులో నున్నట్లే జీవించుచున్నవి.

ఆయన పెరటిలో పదునొకండు పెట్టలును ఒక పుంజును కలవు. సంస్కృతమున కోడికి తామ్రచూడమని పేరు; రాగివన్నె శిఖ గలదని యర్థము. కవులు ఆ శిఖను అలంకారముగా భావించిరి గాని, మన హెడ్డుగుమాస్తా దానిని ఆరోగ్యపత్రముగా చదువును. తురాయి యెఱ్ఱగా నిగనిగలాడుచున్నచో ఆ పక్షి కొలువునకు హాజరైనట్లు. పాలిపోయినచో కడుపులో పురుగులో, ఈకలలో పేలో దాని రక్తమును హరించుచున్నట్లు. నీలివన్నెకు తిరిగినచో ఊపిరికి కష్టము కలిగినట్లు. నల్లని పొక్కులు కట్టినచో దోమ మోసికొనివచ్చిన కోళ్ళ మశూచి సోకినట్లు. ఈ చివరి సంగతి తెలిసిన రాత్రియే ఆయన తమ మంచముపైని దోమతెరను విప్పి కోళ్ళగూటికి కట్టెను. ఆయన అర్ధాంగి తెల్లవార్లు విసనకఱ్ఱతో దోమలను తోలుకొని, మరునాడు గోడమీదుగా మా యింటావిడతో, "మనకేం భయం లేదులెండి వదినగారూ, మనకు ఈకలు లేవుగా!" అని మాత్రము పలికినది.

ఉదయము ఆరుగంటలకు గూటితలుపు తీయుటతో కచేరీ ప్రారంభమగును. ఏ పెట్ట ముందుగా తోసికొని వచ్చెను, ఏది వెనుకబడెను, ఏది రెక్కలు జారవేసికొని మూలను మునగదీసికొని కూర్చుండెను అనునది చూచిన పిమ్మటగాని ఆయన పండ్లుతోమికొనడు. ఆకలి లేని కోడియే రోగమునకు మొదటి దరఖాస్తు అని ఆయన సిద్ధాంతము. ఆయనకు రెండు రిజిస్టరులు కలవు. నూకలు, తవుడు, గుడ్డుపెంకు గట్టిపడుటకై దంచిన నత్తగుల్లలు ఇన్‌వర్డు రిజిస్టరులో చేరును. ఔట్‌వర్డు రిజిస్టరులో చేరునది, పాఠకులు క్షమింతురుగాక, రెట్ట.

లోకమున రెట్టను త్రొక్కినవారు పెక్కండ్రు గాని చదివినవారు అరుదు. గోధుమవన్నె ముద్దపై తెల్లని టోపీ పెట్టుకొన్న రెట్ట సక్రమమైనది. ఆ తెలుపు మూత్రభాగము. ఈ శాస్త్రములో ఆయన ఒకనాటితో ప్రవీణుడు కాలేదు. కోళ్ళు వచ్చిన మొదటి మాసములో జిగురువంటి, కాఫీ మడ్డివంటి, మిక్కిలి దుర్గంధముగల రెట్టయొకటి కంటబడగా, రక్తపారుడని నిశ్చయించి, దానిని బాదమాకులో పొట్లముకట్టి, బస్సులో పదిమంది మధ్య మోసికొనిపోయి పశువైద్యుని బల్లపై నుంచెను. ఆ డాక్టరు పొట్లమును విప్పి, వెంటనే మడిచి, "ఇది జబ్బు కాదండీ. పేగుల చివర రెండు తిత్తులుంటాయి. కోడి అప్పుడప్పుడూ వాటిని ఖాళీ చేసుకుంటుంది. నిక్షేపంగా ఉందని గుర్తు. దీన్ని మీరు ఇంటికి తీసుకువెళ్ళవచ్చు" అని సెలవిచ్చెను. నిజమైన రక్తపారుడు తడిసిన ఊకలో తిరుగు పసిపిల్లలను పట్టుకొనుననియు, పిల్లలు తూగుచు నెత్తురుతో విరేచనము చేయుననియు, ఊకను పొడిగా నుంచుటయే సగము వైద్యమనియు నాడే ఆయన నేర్చుకొనెను. బస్సులో ఆయన ప్రక్కన కూర్చున్నవారుకూడ కొంత నేర్చుకొనియుందురు.

వ్యాధులు చాలనట్లు వ్యాధులు కానివికూడ ఆయనను బాధించినవి. ఒక యేడు మంచి పెట్టయొకటి గుడ్లు మాని, మెడనుండి తోకవరకు ఈకలు రాల్చి, కాటికి కాళ్ళు చాచినదానివలె కనబడెను. ఆయన మూడు రాత్రులు నిద్రమానెను. నాలుగవనాడు పాలుపోయవచ్చిన ముసలమ్మ దానిని చూచి, "జబ్బేంటి బాబూ! పాతకోక ఇప్పి కొత్తకోక కట్టుకుంటంది" అని చెప్పిపోయినది. ఏటికొక మారు ఈక మార్చుట పక్షిధర్మమే. మరియొక పెట్ట గూడు వదలక, ఈకలు నిక్కబొడుచుకొని, చేయి చాచినవారి నెల్ల పొడుచుచుండగా, దానికి పిచ్చియెత్తినదని వేరుగా నుంచబోయెను. అర్ధాంగి అడ్డుపడి, "ఏమండీ, దానికి కావలసింది మందు కాదు, గుడ్లు" అని పది గుడ్లు దానిక్రింద సర్దెను. ఇరువదియొకటవనాడు తొమ్మిది పిల్లలు లేచినవి. ఔట్‌వర్డు రిజిస్టరులో ఆ తేదీన, "రోగి కోలుకొనెను, తొమ్మండుగురు అదనముగా చేరిరి" అని యున్నది. నేను స్వయముగా చూచితిని.

అయితే ఆయన కీర్తి మా వీధి దాటుటకు కారణము సంక్రాంతికి వచ్చిన అల్లుడు. ఆ చిరంజీవి భోగినాటి యుదయమున, దారిలో సంతయందు కొన్న డేగపుంజు నొకదానిని చంకనిడుకొని, మామగారికి కానుకగా తెచ్చెను. వాకిట మామగారు పళ్ళెముతోను చెంబుతోను సిద్ధముగా నుండిరి. పెండ్లిపీటలపైని కాళ్ళుగడిగిన మర్యాద ఏడాది తిరుగకుండ మరల జరుగుచున్నదని అల్లుడు మిక్కిలి సంతసించి, చిఱునవ్వుతో కుడికాలు ముందునకు చాచెను. నీరు గులాబివన్నెతో నుండెను. అది పారాణియని తలంచి ఎడమకాలుకూడ చాచెను. చూచుచున్న మాకు కన్నులు చెమర్చినవి. పిమ్మట మామగారు చెప్పులపైగూడ ఆ నీటినే పోయగా, చెప్పులకు పారాణి ఏ ప్రాంతపు ఆచారమో తెలియక మేమందరమును ఒకరిమొగ మొకరము చూచుకొంటిమి. మిగిలిన నీటిని ఆయన అంతే శ్రద్ధతో పుంజు కాళ్ళపై పోసెను.

"ఏమిటి మామయ్యగారూ ఇది?"

"పర్మాంగనేటు, అల్లుడుగారూ. కోళ్ళసంత తొక్కి వచ్చారు గదా! తమరు లోపలికి దయచేయండి. పుంజు మాత్రం ఇరవయ్యొక్క రోజులు బయటే ఉంటుంది."

క్రొత్తగా వచ్చిన కోడి పైకి దృఢముగా కనబడినను లోపల రోగమును మోయుచుండవచ్చుననియు, మూడు వారములు వేరుగా నుంచి చూచినగాని మందలో కలుపరాదనియు భోజనపంక్తిలో ఆయన సుదీర్ఘముగా ఉపన్యసించెను. అల్లుడు గారెను చేతబట్టుకొని మౌనముగా వినెను. ముక్కనుమనాడు అతడు వెడలిపోయెను. పుంజునకు మాత్రము వేరు కొట్టము, వేరు నీళ్ళమూకుడు, దినమునకు రెండు పూటల పరామర్శ, ఇరువదియొక్క దినములు సాగినవి. పండుగ మర్యాదలు ఎవరికి సక్రమముగా జరిగినవని నన్నడిగినచో పుంజునకే అని చెప్పవలసియుండును.

ఈ జాగ్రత్త యంతయు దేనికొఱకు? కొక్కెరతెగులుకొఱకు. 1926లో ఇంగ్లండునందలి న్యూకాసిలుకడ బయటపడి, 1927 ప్రాంతమున మనదేశమున కుమావూను కొండలలోని రాణీఖేతునందు గుర్తింపబడుటచేత ఆ రెండూళ్ళ పేర్లనును మోయుచున్న మహమ్మారి యిది. కోడి నోరు తెరచి ఎగఊపిరి తీయును. ఆకుపచ్చయు తెలుపును కలిసిన నీళ్ళవిరేచనము చేయును. మెడ మెలితిరుగును, కాలో రెక్కయో పడిపోవును. ఇది వచ్చిన పిమ్మట మందు లేదు. రాకమునుపు టీకా కలదు. పిల్ల పుట్టిన అయిదవనాటికి ఏడవనాటికి నడుమ కంటిలో నొక లసోటా చుక్క, ఎనిమిదవ వారమున ఆర్‌టూబీ సూదిమందు: ఇంతే.

ఆ చుక్కలమందును చల్లగా నుంచవలెను గనుక హెడ్డుగుమాస్తా ఇంటి కాఫీఫ్లాస్కును మంచుముక్కలతో నింపి ఆసుపత్రికి పోవును. ఆనాడు ఇంట కాఫీ లోటాలోనే. ఇచట నొక చిక్కు కలదు. మందుసీసా నూరు పిల్లలకు చాలునది, ఆయనకున్నవి తొమ్మిది. ఒకసారి కలిపినమందు రెండుగంటలలో ముగింపవలెను. ముప్పదిమూడేండ్లు గుండుసూదులకుగూడ లెక్కచెప్పిన మనిషి తొంబదియొక్క చుక్కలు మురికికాలువ పాలగుటను సహింపగలడా? అందుచేత ఆయన ఫ్లాస్కును చంకబెట్టుకొని, చొక్కాగుండీలు పెట్టుకొను తీరికయైనను లేక, ఇంటింటికి పరుగెత్తి, "పిల్లలున్నాయా? పట్టండి, పట్టండి! ఇంకా నలభై నిమిషాలే ఉంది!" అని కేకలువేయుచు, మా వీధిలోని ప్రతి కోడిపిల్ల కంటను ఒక్కొక్క చుక్క వేయును. కోడిపిల్లలు దొరకని యింటివారిని మందలించును. మేము తలుపుచాటున నవ్వుకొనువారము. కొందరు ఆయనకు మతి చలించినదని కూడ అనుకొనిరి.

రెండేండ్లక్రింద వేసవి మొదట చెఱువు కవతలి వీధిలో కొక్కెర ప్రవేశించెను. పదిదినములలో ఆ వీధి గంపలన్నియు బోర్లపడినవి. తెల్లవారుజామున ఆ దిక్కునుండి వినవచ్చు కూతలు ఒక్కొక్కటిగా తగ్గిపోయి, కడపట ఏమియు వినరాకపోయెను. మా వీధిలో మాత్రము పుంజులు యథాప్రకారము కూసినవి. తన కోడి కూయనిదే లోకమునకు తెల్లవారదనుకొన్న అవ్వను మనవారు తరతరములుగా పరిహసించిరి. మా హెడ్డుగుమాస్తాను మేమిక పరిహసింపలేము. ఆయన మాకు చేసినది ఉపకారమని ఆయనకే తెలియదు. సీసాలో మందు మిగులకుండ చేసితినని మాత్రమే ఆయన సంతోషము. ఆనాటి ఔట్‌వర్డు రిజిస్టరులో నున్నదికూడ ఇంతే: "చుక్కలు నూరు, ఖర్చు నూరు, నిలువ లేదు."

వచ్చు ఆదివారము ఉదయము ఏడుగంటలకు ఆయన మరల ఫ్లాస్కుతో బయలుదేరుచున్నాడు. వీధివారందరును తమ తమ పిల్లలను ముందుగనే గంపలక్రింద మూసియుంచవలసినదిగా మనవి.